డైరెక్టరీ సర్వర్‌తో పైథాన్-ఎల్‌డాప్: బైండ్ జరుగుతోంది, వెతుకులాట మాత్రం విఫలమవుతోంది

కృష్ణలంక_అడ్మిన్

సభ్యులందరికీ నమస్కారం. మా విద్యాసంస్థలో ఉద్యోగులు, విద్యార్థులు కలిపి సుమారు 9,000 ఖాతాలున్న యాక్టివ్ డైరెక్టరీ, అంటే ఖాతాల వివరాలు దాచే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ సర్వర్, ఉంది. హాజరు, సెలవులు, గ్రంథాలయం ఒకే చోట కనిపించే పోర్టల్ ఒకటి పైథాన్‌లో రాస్తున్నాము. లాగిన్ సరిచూడడానికీ, ప్రతి ఉద్యోగి విభాగం, హోదా తెచ్చుకోవడానికీ పైథాన్-ఎల్‌డాప్ లైబ్రరీని (ఎల్‌డాప్ అంటే డైరెక్టరీలతో మాట్లాడే ప్రోటోకాల్) లినక్స్ సర్వర్ నుండి వాడుతున్నాము.

ప్రస్తుతం మూడు చిక్కులున్నాయి. సర్వీస్ ఖాతాతో (ప్రోగ్రాం కోసం పెట్టిన ఖాతాతో) బైండ్, అంటే ఖాతా పేరు, సంకేతపదం చూపి కనెక్షన్‌కు గుర్తింపు తెచ్చుకోవడం, ఏ లోపమూ లేకుండా పూర్తవుతుంది, కానీ డొమైన్ మూలం నుండి వెతికితే కొంతసేపటికి ఆపరేషన్స్ ఎర్రర్ వస్తుంది. ముందుగా బైండ్ విజయవంతం కావాలని ఆ సందేశం చెబుతోంది, బైండ్ అప్పటికే జరిగిపోయింది కదా. రెండవది, ఒక విభాగపు ఖాతాల గూడు నుండి వెతికినప్పుడు ఆ లోపం రాదు గాని, 1,000 ఎంట్రీల (ఖాతా వంటి ఒక్కో నమోదు) దగ్గర సైజ్ లిమిట్ దాటిందని ఆగిపోతుంది. మూడవది, ఉదయం మొదట లాగిన్ అయ్యేవారికి పేజీ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ తరువాత అంతా మామూలే. ఈ మూడింటికీ ఏదైనా ఉమ్మడి కారణం ఉందా?

పాత_టెర్మినల్

ఉమ్మడి కారణం లేదండీ. మొదటిది లైబ్రరీ అలవాటు, రెండవది సర్వర్ విధానం, మూడవది ఆ రెండింటి మధ్యనున్న నెట్‌వర్క్. ఎల్‌డాప్ ప్రోగ్రాములలో లోపం కనిపించినప్పుడు, అది ఈ మూడింటిలో ఎక్కడిదో తేల్చుకోకుండా కోడ్ మార్చడం మొదలుపెడితే పని పెరుగుతుందే తప్ప తరగదు.

మొదటి చిక్కు రెఫరల్స్ వల్ల వస్తోంది. డొమైన్ మూలం నుండి కింది స్థాయిలన్నీ వెతకమంటే, యాక్టివ్ డైరెక్టరీ తన దగ్గరున్న ఎంట్రీలను ఇస్తూనే, ఆ మూలం కిందకు వచ్చే వేరే విభాగాల కోసం, అంటే డీఎన్‌ఎస్ వివరాలుండే విభాగాలు, కాన్ఫిగరేషన్ విభాగం వంటి వాటి కోసం, ఫలానా చిరునామాలో అడగమని సూచనలను, అంటే రెఫరల్స్‌ను, కూడా పంపుతుంది. పైథాన్-ఎల్‌డాప్ కింద పనిచేసేది ఓపెన్‌ఎల్‌డాప్ వారి సీ లైబ్రరీ. ఆ లైబ్రరీ మనం వద్దనకపోతే ఆ సూచనలను తానే వెంబడించి కొత్త కనెక్షన్లు తెరుస్తుంది. మన ఖాతా, సంకేతపదం ఆ కొత్త కనెక్షన్‌కు అందవు, అది అనామకంగా వెళ్తుంది. ఒక కార్యాలయంలో గుమాస్తా పక్క కిటికీకి పంపితే గుర్తింపు కార్డు ఇక్కడే వదిలేసి అక్కడికి వెళ్లినట్లన్నమాట. అనామకులను వెతకనివ్వకపోవడం యాక్టివ్ డైరెక్టరీ సహజ స్థితి కాబట్టి, అక్కడినుండి వచ్చిన తిరస్కారమే మీకు కనిపిస్తోంది. మీ బైండ్‌లో దోషమేమీ లేదు.

కనెక్షన్ హ్యాండిల్ తయారైన వెంటనే, బైండ్ కంటే ముందే, ఆప్ట్ రెఫరల్స్ అనే ఆప్షన్‌ను సున్నాగా పెట్టండి. అడవి మొత్తంలో, అంటే అన్ని డొమైన్లలో, వెతకవలసిన అవసరం నిజంగా ఉంటే 389వ పోర్టుకు బదులు 3268వ పోర్టులో ఉండే గ్లోబల్ కేటలాగ్‌ను అడగండి, సురక్షిత రూపంలో అది 3269. అయితే అక్కడ ప్రతి ఎంట్రీకీ కొన్ని గుణాలు (విభాగం, హోదా వంటి వివరాలు) మాత్రమే ఉంటాయని మరవకూడదు.

కృష్ణలంక_అడ్మిన్

ధన్యవాదాలు. ఆ ఆప్షన్ మార్చగానే ఆపరేషన్స్ ఎర్రర్ పోయింది. అయితే ఇప్పుడు ఫలితాల జాబితా చివర కొన్ని విచిత్రమైన అంశాలు వస్తున్నాయి. ఎంట్రీ పేరు ఉండవలసిన చోట నన్ (ఏమీ లేదని చెప్పే పైథాన్ విలువ) అనీ, గుణాలు ఉండవలసిన చోట ఒక చిరునామా అనీ ఉంటోంది. మా కోడ్ పేరును చిన్న అక్షరాలలోకి మార్చబోయి అక్కడే ఆగిపోతోంది.

పాత_టెర్మినల్

అవి ఆ రెఫరల్సే. సర్వర్ పంపడం మానలేదు, లైబ్రరీ వెంబడించడం మానింది. పేరు లేని అంశాలను దాటవేసే ఒక షరతు చాలు.

లినక్స్_లోగిలి

రెండవ చిక్కు సంగతి నేను చెబుతాను. ఒక ప్రశ్నకు ఒకేసారి ఇచ్చే ఎంట్రీల సంఖ్యను యాక్టివ్ డైరెక్టరీ మ్యాక్స్‌పేజ్‌సైజ్ అనే విధానంతో నియంత్రిస్తుంది, దాని సహజ విలువ 1,000. ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్‌లో ఇలాంటి హద్దు 500 వద్ద ఉంటుంది. హద్దు దాటగానే సర్వర్ 4వ ఫలిత సంఖ్యను పంపుతుంది. అంతకు ముందే 1,000 ఎంట్రీలు తీగపై వచ్చి ఉన్నా, పైథాన్‌లో సింక్రనస్ (జవాబు పూర్తిగా వచ్చేదాకా ఆగే) పిలుపు దానిని ఎక్సెప్షన్‌గా, అంటే కోడ్‌ను మధ్యలో ఆపే లోపంగా, మారుస్తుంది కాబట్టి ఆ ఎంట్రీలు మీ చేతికి రావు.

దీనికి పరిష్కారం 1999లో ఆర్‌ఎఫ్‌సి (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 2696గా వెలువడిన పేజీల కంట్రోల్. ఎన్నేసి కావాలో చెబుతూ, ఖాళీ కుకీతో (ఎక్కడివరకు చదివామో చెప్పే సర్వర్ గుర్తు) మొదటి ప్రశ్న పంపుతాము. ప్రతి జవాబుతోపాటు సర్వర్ ఒక కుకీని తిరిగి ఇస్తుంది. దానిని తరువాతి ప్రశ్నలో పెట్టి పంపుతూ, ఖాళీ కుకీ వచ్చినప్పుడు ఆగాలి. కొందరు ఎంట్రీల సంఖ్య పేజీ పరిమాణం కంటే తక్కువగా వచ్చినప్పుడు ఆగిపోతారు, అది సరికాదు, ఆగవలసిన గుర్తు కుకీ ఒక్కటే. పేజీ పరిమాణం 5,000 అని అడిగినా మీ సర్వర్ 1,000కి మించి ఇవ్వదు, కాబట్టి 500 పెట్టుకుంటే సరిపోతుంది. ఆ కుకీ ఏ కనెక్షన్‌పై పుట్టిందో ఆ కనెక్షన్‌పైనే వాడండి. కనెక్షన్ల పూల్ ఉన్న ప్రోగ్రాంలో రెండవ పేజీ వేరొక కనెక్షన్‌పైకి వెళ్లడం వల్ల వచ్చే లోపాలు పట్టుకోవడం చాలా కష్టం.

వరంగల్_విద్యార్థి

నాకొక సందేహం. సర్వర్ విధానంలోనే ఆ 1,000ని 10,000 చేసేస్తే కోడ్ మార్చే పని ఉండదు కదా? నిర్వాహకులు ఒప్పుకుంటే అది తేలికైన దారిగా అనిపిస్తోంది.

లినక్స్_లోగిలి

ఆ విధానం మీ పోర్టల్ ఒక్కదానికే వర్తించదు, ఆ డైరెక్టరీని వాడే ప్రతి ప్రోగ్రాంకూ వర్తిస్తుంది. ఎవరో నిర్లక్ష్యంగా రాసిన ఫిల్టర్ (వెతుకులాట షరతు) డొమైన్ కంట్రోలర్, అంటే యాక్టివ్ డైరెక్టరీ నడిచే సర్వర్, మెమరీని తినేయకుండా కాపాడేది ఆ హద్దే. పైగా విండోస్ సర్వర్ 2008 తరం నుండి దీనికి 20,000 అనే గట్టి పైకప్పు ఉంది. కోడ్‌లో పేజీలు చదవడం పట్టుమని పది పంక్తుల పని, దానికోసం సర్వర్‌ను మార్చమనడం న్యాయం కాదు.

ఈ సందర్భంలో ఇంకొక హద్దు గురించి హెచ్చరించాలి, ఎందుకంటే అది ఏ లోప సందేశమూ ఇవ్వదు. ఒకే గుణంలో ఎక్కువ విలువలున్నప్పుడు, ఉదాహరణకు విద్యార్థులందరూ సభ్యులైన గుంపులో, యాక్టివ్ డైరెక్టరీ ఒక్క జవాబులో 1,500 విలువలే ఇస్తుంది. అప్పుడు గుణం పేరు కూడా మామూలుగా రాదు, మెంబర్ అనే మాట పక్కన సెమికోలన్, రేంజ్, 0 నుండి 1499 అని అతికి వస్తుంది. మెంబర్ అనే తాళపుచెవితో నిఘంటువులో చూసే కోడ్‌కు అక్కడ ఏమీ కనిపించదు, గుంపులో ఎవరూ లేరని నమ్మి ముందుకు పోతుంది. చిన్న గుంపులతో పరీక్షించినన్నాళ్లు ఈ దోషం బయటపడదు. 1500 నుండి అని మళ్లీ అడుగుతూ, రేంజ్ చివర నక్షత్రం గుర్తు వచ్చేవరకు చదవాలి. గుంపు నుండి సభ్యులను చదవడానికి బదులు, ఆ గుంపు పేరును మెంబర్‌ఆఫ్ గుణంలో కలిగిన ఖాతాలను పేజీలుగా వెతికితే ఈ తలనొప్పే ఉండదు. ఒకే ఒక్క మినహాయింపు, ప్రైమరీ గుంపు సభ్యత్వం ఆ గుణంలో కనిపించదు.

సికింద్రాబాద్_సిస్‌అడ్మిన్

ఉదయం పూట ఆలస్యానికి వద్దాము. రాత్రంతా ఖాళీగా ఉన్న కనెక్షన్‌నే మీ ప్రోగ్రాం ఉదయం మళ్లీ వాడుతోందని నా అంచనా. యాక్టివ్ డైరెక్టరీ సహజంగా 900 సెకన్లు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను తానే మూసేస్తుంది. అలా మూసినప్పుడు లైబ్రరీకి సర్వర్ డౌన్ అనే లోపం వెంటనే తెలుస్తుంది, పైథాన్-ఎల్‌డాప్‌లోని రీకనెక్ట్ తరగతిని వాడితే అది తానే మళ్లీ కలుపుకుంటుంది. అంటే సర్వర్ మూసిన కనెక్షన్ వల్ల ఇంత ఆలస్యం రాకూడదు.

మధ్యలో ఫైర్‌వాల్ ఉండి, అది ఖాళీ కనెక్షన్‌ను ఎవరికీ చెప్పకుండా మరచిపోతే కథ వేరు. మీ వైపు కనెక్షన్ బతికే ఉన్నట్లు కనిపిస్తుంది. పంపిన ప్యాకెట్‌కు జవాబు రాక, లినక్స్ కెర్నెల్ దానిని మళ్లీ మళ్లీ పంపుతూ, సహజ అమరికలో దాదాపు పావుగంట తరువాతే చేతులెత్తేస్తుంది. టీసీపీ కీప్‌అలైవ్ (ఖాళీ కనెక్షన్ బతికే ఉందో లేదో చూసే పరీక్ష) ఉన్నా దాని సహజ విరామం 7,200 సెకన్లు, కాబట్టి అది ఫైర్‌వాల్ కంటే ఆలస్యంగా మేల్కొంటుంది.

ఇక్కడ మూడు వేర్వేరు కాలపరిమితులు ఉన్నాయని గుర్తించాలి. నెట్‌వర్క్ టైమ్‌అవుట్ కనెక్షన్ కలుపుకునే దశకు సంబంధించినది. జవాబు కోసం మన వైపు ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే టైమ్‌అవుట్ వేరు. వెతుకులాట అభ్యర్థనలోనే సర్వర్‌కు పంపే టైమ్ లిమిట్ మరొకటి, అది సర్వర్ ఎంతసేపు శ్రమపడాలో చెబుతుంది. తీగ తెగిపోయినప్పుడు మూడవది ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే ఆ అభ్యర్థన సర్వర్‌ను చేరనే లేదు. మొదటి రెండూ 5 సెకన్లకు తగ్గించి, కీప్‌అలైవ్ విరామాన్ని ఫైర్‌వాల్ పరిమితి కంటే తక్కువకు దించి చూడండి.

కృష్ణలంక_అడ్మిన్

మీ అంచనా నిజమైంది. పోర్టల్ ఉన్న విభాగానికీ, డొమైన్ కంట్రోలర్లకూ మధ్య ఫైర్‌వాల్ ఉందని నెట్‌వర్క్ చూసే మిత్రులు చెప్పారు. టైమ్‌అవుట్లు పెట్టాక ఉదయం ఆలస్యం పోయింది. పేజీలు చదివే కోడ్ కూడా పని చేస్తోంది.

లాగిన్ సరిచూసే పద్ధతిని కూడా ఒకసారి పరిశీలించండి. లాగిన్ పేరుతో ఫిల్టర్ తయారుచేసి, సర్వీస్ ఖాతా కనెక్షన్‌పై వెతికి, దొరికిన ఎంట్రీ పేరుతోనూ వినియోగదారు ఇచ్చిన సంకేతపదంతోనూ అదే కనెక్షన్‌పై బైండ్ చేస్తున్నాము. లోపం రాకపోతే లోపలికి అనుమతిస్తున్నాము.

పాత_టెర్మినల్

ఇది పోర్టల్‌ను తెరవకముందే అడగడం మంచిదైంది. ఇందులో మూడు ప్రమాదాలున్నాయి, ఒకటి చాలా పెద్దది.

సంకేతపదం గడి ఖాళీగా వదిలి లాగిన్ నొక్కితే ఏమవుతుందో చూడండి. ఎల్‌డాప్ ప్రమాణం ప్రకారం, పేరు ఉండి సంకేతపదం ఖాళీగా ఉన్న సింపుల్ బైండ్‌ను ధ్రువీకరణ లేని బైండ్‌గా భావించాలి. దానిని అంగీకరించే సర్వర్ విజయం అనే జవాబే ఇస్తుంది, కానీ ఆ కనెక్షన్‌కు అనామక స్థాయి మాత్రమే ఇస్తుంది. మీ ప్రోగ్రాం మాత్రం ఆ విజయాన్ని చూసి ఫలానా ఆచార్యులు వచ్చారని తలుపు తీస్తుంది. ఆర్‌ఎఫ్‌సి 4513 దీని గురించి క్లయింట్ రచయితలను ప్రత్యేకంగా హెచ్చరించింది. ఖాళీ సంకేతపదాన్ని లైబ్రరీ వరకు వెళ్లనివ్వకుండా ముందే తిరస్కరించండి. పైథాన్-ఎల్‌డాప్ ఈ పని మీ బదులు చేయదు.

రెండవది ఫిల్టర్. లాగిన్ పేరును నేరుగా ఫిల్టర్‌లో అతికిస్తే, నక్షత్రం గుర్తు టైపు చేసినవారికి అన్ని ఖాతాలూ సరిపోలుతాయి, బ్రాకెట్లు తెలిసినవారు ఫిల్టర్ అర్థాన్నే మార్చగలరు. నక్షత్రం, రెండు బ్రాకెట్లు, వెనుకగీత, శూన్య అక్షరం, ఈ అయిదింటినీ వెనుకగీతతో మొదలయ్యే రెండంకెల పదహారు-ఆధార సంఖ్యగా మార్చాలి. లైబ్రరీలోని ఎస్కేప్ ఫిల్టర్ క్యార్స్ అదే చేస్తుంది. ఎంట్రీ పేరును మీరే కూర్చవలసి వస్తే దాని నియమాలు వేరు, అక్కడ కామా, ప్లస్, కొటేషన్ వంటివి ప్రమాదకరం, అందుకు వేరే ఫంక్షన్ ఉంది. ఒకదాని బదులు మరొకటి వాడకూడదు. వెతుకులాటలో సరిగ్గా ఒక్క ఎంట్రీ దొరికితేనే ముందుకు వెళ్లండి.

మూడవది, బైండ్ చేయగానే ఆ కనెక్షన్ గుర్తింపే మారిపోతుంది. సర్వీస్ ఖాతా కనెక్షన్‌పై ఒక విద్యార్థి పేరుతో బైండ్ చేస్తే, ఆ తరువాతి వెతుకులాటలన్నీ ఆ విద్యార్థి హక్కులతోనే జరుగుతాయి. బైండ్ విఫలమైతే కనెక్షన్ అనామకమవుతుంది. వినియోగదారుల బైండ్‌కు ప్రతిసారీ వేరే కనెక్షన్ తెరిచి, పని కాగానే అన్‌బైండ్ చేయండి.

డల్లాస్_డెవలపర్

పై జవాబులన్నీ సరైనవే, కానీ వాటిని చదువుతుంటే నాకు వేరే ప్రశ్న వస్తోంది. 9,000 మంది సంకేతపదాలు ఒక పోర్టల్ కోడ్ గుండా ఎందుకు ప్రయాణించాలి? ఓపెన్‌ఐడి కనెక్ట్ గానీ సామ్ల్ గానీ (రెండూ లాగిన్‌ను వేరొక చోట సరిచూసే ప్రమాణాలు) మాట్లాడే ధ్రువీకరణ సర్వర్‌ను ముందు నిలబెట్టి, పోర్టల్‌కు టోకెన్, అంటే లాగిన్ సరిచూశామన్న గుర్తు, మాత్రమే అందేలా చేస్తే ఈ ఖాళీ సంకేతపదపు గొడవే ఉండదు. రెండంచెల ధ్రువీకరణ కావాలన్నా అదే దారి. అంతగా ఎల్‌డాప్ కావాలంటే సీ లైబ్రరీ మీద ఆధారపడని ఎల్‌డాప్3 అనే పైథాన్ లైబ్రరీ తేలిక, అది ఖాళీ సంకేతపదాన్ని తానే తిరస్కరిస్తుంది.

పాత_టెర్మినల్

లాగిన్ విషయంలో మీ మాటతో ఏకీభవిస్తాను, వీలైతే అలాగే చేయాలి. అయితే విభాగం, హోదా, పై అధికారి వంటి వివరాలను రాత్రిపూట మొత్తంగా తెచ్చుకునే పనికి టోకెన్ ఉపయోగపడదు, అక్కడ డైరెక్టరీని అడగవలసిందే. అంటే వారికి ఎల్‌డాప్ మిగులుతుంది, సంకేతపదాలు మాత్రం దాని గుండా పోవు.

ఎల్‌డాప్3 విషయంలో మాత్రం అంత తొందర వద్దంటాను. అది సహజ అమరికలో ఎక్సెప్షన్లు ఎత్తదు. బైండ్ విఫలమైతే ఫాల్స్ అనే విలువను తిరిగి ఇస్తుంది, దానిని చూడని కోడ్ విజయమనుకుని సాగిపోతుంది. అందులో టీఎల్ఎస్ (కనెక్షన్‌కు గుప్తలేఖనం ఇచ్చే పద్ధతి) సర్టిఫికెట్‌ను సరిచూడమని మనం చెబితే తప్ప అది సరిచూడదు. పైథాన్-ఎల్‌డాప్‌తో వచ్చినవారు ఈ రెండు తేడాలనూ గమనించకుండా మారితే భద్రత పెరగదు, తగ్గుతుంది.

ఒక చిన్న చారిత్రక ముచ్చట చెప్పనివ్వండి. ఎల్‌డాప్ 1990ల తొలినాళ్లలో బరువైన ఎక్స్.500 డైరెక్టరీలకు తేలికైన ద్వారంగా పుట్టింది, మిషిగన్ విశ్వవిద్యాలయం వారి కోడ్ దానికి పునాది. సీ భాషలో దానిని ఎలా పిలవాలో 1995లో ఆర్‌ఎఫ్‌సి 1823 చెప్పింది. మూడవ వెర్షన్ కోసం రాసిన సీ ఇంటర్‌ఫేస్ మాత్రం చిత్తుప్రతిగానే మిగిలిపోయి ఆర్‌ఎఫ్‌సి కాలేదు. 1998లో మొదలైన ఓపెన్‌ఎల్‌డాప్ ఆ మిషిగన్ వంశానిదే. పైథాన్-ఎల్‌డాప్‌లోనూ, పీహెచ్‌పీలోనూ ఫంక్షన్ల పేర్లు ఒకే పోలికతో ఉండడానికి, పేరు చివరి ఎస్ అక్షరం సింక్రనస్‌కు గుర్తుగా నిలవడానికి కారణం ఆ ఉమ్మడి పుట్టుకే. ఓపెన్‌ఎల్‌డాప్ లైబ్రరీ గురించి ఎక్కడ చదివినా అది మీ పైథాన్ కోడ్‌కూ చాలావరకు వర్తిస్తుంది.

కృష్ణలంక_అడ్మిన్

లాగిన్‌ను వేరు చేసే ప్రతిపాదనను మా పెద్దల ముందు పెడతాను. ఈలోపు ఉన్నదానిని 636వ పోర్టుకు, అంటే సురక్షిత ఎల్‌డాప్‌కు, మారుస్తున్నాము. సర్టిఫికెట్ సరిచూడలేకపోయిందని లోపం వస్తోంది. రిక్వైర్ సర్ట్ (సర్టిఫికెట్ సరిచూడాలా అని నిర్ణయించే ఆప్షన్)ను నెవర్‌గా పెట్టమని చాలాచోట్ల సలహా కనిపించింది.

సికింద్రాబాద్_సిస్‌అడ్మిన్

ఆ సలహా పాటించకండి. అలా చేస్తే గుప్తలేఖనం ఉంటుంది గాని, ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు, మధ్యలో నిలబడినవాడికి సంకేతపదాలు అప్పగించినట్లే. మీ సంస్థ లోపలి సర్టిఫికెట్ అథారిటీ మూల సర్టిఫికెట్‌ను ఒక ఫైలుగా తెచ్చి, సీఏ సర్ట్ ఫైల్ ఆప్షన్‌లో దాని దారి ఇవ్వండి. సర్వర్‌ను ఐపీ చిరునామాతో కాకుండా, సర్టిఫికెట్‌లో ఉన్న పూర్తి పేరుతో పిలవండి.

ఎన్నో గంటలు మింగేసే ఒక మెలిక ఉంది. ఒక హ్యాండిల్‌పై టీఎల్ఎస్ ఆప్షన్లు మార్చాక, అన్నింటికంటే చివర న్యూసీటీఎక్స్ అనే ఆప్షన్‌ను సున్నా విలువతో పెట్టాలి. అది పెట్టకపోతే లైబ్రరీ పాత టీఎల్ఎస్ సందర్భాన్నే వాడుతూ, మీరిచ్చిన ఫైలును పట్టించుకోదు. 389లో స్టార్ట్ టీఎల్ఎస్ (మామూలు కనెక్షన్‌నే సురక్షితంగా మార్చే పిలుపు) వాడేవారు దానిని బైండ్ కంటే ముందే పిలవాలి. పోర్టల్ నుండి సంకేతపదం మార్చే సౌకర్యం ఇవ్వాలంటే ఎలాగూ సురక్షిత కనెక్షన్ తప్పదు. యాక్టివ్ డైరెక్టరీ అది లేకుండా సంకేతపదం ఉండే యూనికోడ్‌పీడబ్ల్యూడీ గుణాన్ని మార్చనివ్వదు. ఆ విలువను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, యూటీఎఫ్-16 లిటిల్ ఎండియన్ బైట్లుగా పంపాలి.

కృష్ణలంక_అడ్మిన్

సర్టిఫికెట్ కుదిరింది, న్యూసీటీఎక్స్ లేకపోవడమే మిగిలిన కారణం. ఇక చివరి ప్రశ్న. ఉద్యోగుల పేర్లు తెలుగులోనూ డైరెక్టరీలో ఉండాలని మా సంస్థ కోరుతోంది. తెలుగు పేరుతో వెతికితే కొన్నిసార్లు దొరుకుతోంది, కొన్నిసార్లు దొరకడం లేదు. చూడడానికి రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయి.

లినక్స్_లోగిలి

ఎల్‌డాప్ మూడవ వెర్షన్ అక్షరాలన్నింటినీ యూటీఎఫ్-8లోనే పంపుతుంది కాబట్టి తెలుగు వెళ్లడానికి అడ్డేమీ లేదు. పైథాన్-ఎల్‌డాప్ విలువలను బైట్ల జాబితాగా ఇస్తుంది, వాటిని మీరే డీకోడ్ చేసుకోవాలి. చిక్కంతా ఒకే రూపానికి రెండు కోడ్ వరుసలు ఉండడంలో ఉంది. ఐత్వం గుర్తును 0సీ48 అనే ఒక్క కోడ్‌గా రాయవచ్చు, 0సీ46, 0సీ56 అనే రెండు కోడ్‌ల జంటగానూ రాయవచ్చు, తెరపై తేడా కనిపించదు. అలాగే విజయ్‌కుమార్ అనే పేరులో యకారపు పొల్లు తరువాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. అది లేకపోతే కకారం ఒత్తుగా మారిపోయే అవకాశం ఉంది, కాబట్టి టైపు చేసేటప్పుడు కీబోర్డును బట్టి కొందరికి అది వస్తుంది, కొందరికి రాదు. పొల్లుతో ముగిసే పేరు చివర అది అనవసరంగా చేరితే మాత్రం చూపులో ఏ మార్పూ ఉండదు.

పోల్చే ముందు రెండు వైపులా ఒకే రూపానికి తెచ్చుకోవాలనీ, ఆ కనిపించని అక్షరాన్ని తీసివేయాలనీ ఆర్‌ఎఫ్‌సి 4518 సర్వర్లకు చెప్పింది. మీ సర్వర్ దానిని పాటిస్తోందన్న భరోసాతో కోడ్ రాయకండి, రెండు రూపాలతోనూ వెతికి చూడండి. రాసేటప్పుడూ వెతికేటప్పుడూ పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్ఎఫ్‌సీ (విడి కోడ్‌లను కలిపి ఒక్కటిగా రాసే) రూపానికి మార్చండి. అది ఐత్వాన్ని సరిచేస్తుంది, నాన్ జాయినర్‌ను మాత్రం ముట్టుకోదు. అందువల్ల చూపడానికి ఒక గుణం, నాన్ జాయినర్లు తీసివేసి వెతకడానికి మరొక గుణం పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

ఓపెన్‌ఎల్‌డాప్ వాడేవారికి 2004 నాటి ఆర్‌ఎఫ్‌సి 3866 ప్రకారం గుణం పేరు పక్కన భాష గుర్తును, తెలుగుకైతే లాంగ్-టీఈ అని, చేర్చే వీలుంది. అప్పుడు సీఎన్ (పేరు ఉండే గుణం) అని అడిగినా తెలుగు రూపం కూడా వేరే పేరుతో వెంట వస్తుంది, కోడ్ దానికి సిద్ధంగా ఉండాలి.

వరంగల్_విద్యార్థి

తెలుగు పేరును సీఎన్‌లోనే పెట్టేయవచ్చా? అదే కదా పూర్తి పేరు గుణం?

లినక్స్_లోగిలి

యాక్టివ్ డైరెక్టరీలో వద్దు. అక్కడ ఖాతా సీఎన్ విలువే ఎంట్రీ పేరులో భాగమవుతుంది, పేరు దిద్దిన ప్రతిసారీ ఎంట్రీ పేరే మారి, దానిని దాచుకున్న ప్రోగ్రాములన్నీ తడబడతాయి. పైగా సీఎన్‌కు 64 అక్షరాల హద్దు ఉంది, గుణింతాలు, పొల్లులు కూడా విడి అక్షరాలుగానే లెక్కకు వస్తాయి. విజయ్‌కుమార్ అనే చిన్న పేరే 12 కోడ్‌లు, యూటీఎఫ్-8లో 36 బైట్లు. ఇంటిపేరు, తండ్రి పేరు కలిపి రాసే మన పద్ధతికి ఆ 64 ఇరుకు. 256 అక్షరాల వరకు పట్టే డిస్‌ప్లేనేమ్‌లో పెట్టండి, సీఎన్‌ను ఉద్యోగి సంఖ్యగా ఉంచండి.